పని ముగింపు, ఒప్పందం ముగింపు, మన బకాయిలు
(నిర్మాణ రంగ కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్మాణ రంగంలో కార్మికుడు నష్టపోయేది పని సాగుతున్న రోజులలో కన్నా అది ముగిసే చివరి నెలలోనే ఎక్కువ. పని సాగినంత కాలం కాంట్రాక్టరుకు మన చేతులు కావాలి. ఆఖరి స్లాబు పడిన మరునాటి నుండి ఆయనకు కావలసినది ఇంజనీరుగారి సంతకం మాత్రమే. అందుచేత ఈనాటి తరగతిలో ముగింపును గురించే మాట్లాడదలచుకొన్నాము.

కూలీలు గుడిసెలు పీకి వెళ్లిపోయినంత మాత్రాన ఒప్పందం ముగియదు. కొలతల పుస్తకంలో తుది కొలతలు ఎక్కాలి. పని పూర్తయినట్లు ధ్రువపత్రం పుట్టాలి. తుది బిల్లు చెల్లాలి. లోపాలు సరిదిద్దే గడువు గడవాలి. అప్పుడు గాని కాంట్రాక్టరు ధరావతు సొమ్ము ఆయన చేతికి తిరిగి రాదు. ఈ మెట్లు దిగడానికి నెలలు పడుతుంది, కొన్నిచోట్ల సంవత్సరాలే పడుతుంది. అంతకాలమూ ఆయన డబ్బు కొంత పని ఇచ్చిన శాఖ చేతిలో ఉంటుంది. మన బకాయి రాబట్టుకోవలసిన చోటు అదే.

కేంద్ర ప్రజా పనుల శాఖ సాధారణ ఒప్పంద షరతులలో 45వ నిబంధనగా చాలా సంవత్సరాలుగా ముద్రితమవుతూ వచ్చిన ఒక షరతును మన కార్యకర్తలు తప్పక చదవాలి. లేబరు అధికారి నుండి క్లియరెన్సు పత్రం తెచ్చేవరకు కాంట్రాక్టరుకు ధరావతు వాపసు ఇవ్వరాదని అది చెబుతున్నది. వినడానికి బాగానే ఉన్నది. కాని దాని తోక కూడా చూడండి. పని పూర్తయిన 3 నెలల వరకు ఏ ఫిర్యాదూ నమోదు కాకపోయినా, 6 నెలల వరకు లేబరు అధికారి నుండి జవాబు రాకపోయినా, ఆ పత్రం వచ్చినట్లే భావించి సొమ్ము విడుదల చేయవచ్చును. అనగా మన మౌనమే కాంట్రాక్టరుకు రసీదు అవుతుంది.

వేతనాల కోడ్ ప్రకారం బకాయి వేతనానికి 3 సంవత్సరాల వరకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ఆ మాట విని నిశ్చింతగా ఊరికి పోయేవారున్నారు. హక్కు మూడేళ్లు బ్రతికే ఉంటుంది, నిజమే. కాని సొమ్ము దొరికే చోటు కొన్ని నెలలలోనే ఖాళీ అవుతుంది. తరువాత ఆ కాంట్రాక్టరు ఏ రాష్ట్రంలో, ఏ పేరుతో పని చేస్తున్నాడో వెదకడం ఎవరి తరం?

కాంట్రాక్టరు వేతనం ఎగవేస్తే ప్రధాన యజమాని చెల్లించి, దానిని కాంట్రాక్టరు బిల్లులో కోసుకోవాలన్న సూత్రం 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టంలో ఉండినది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కోడ్‌లలోనూ అది నిలిచింది. అయితే కాంట్రాక్టు కార్మికులకు సంబంధించిన భాగం వర్తించడానికి ఉండవలసిన సంఖ్య 20 నుండి 50కి పెరిగినది. చిన్న సబ్‌కాంట్రాక్టర్లకు ఇది ఎంత అనుకూలమో విడమరచి చెప్పనక్కరలేదు. అటువంటి చోట వేతనాల కోడ్‌ను ఆధారం చేసుకోవాలి. యజమాని చెల్లించకపోతే సంస్థ స్వంతదారుడే బాధ్యుడని అది చెబుతున్నది. పనిలోనుండి తొలగించినవారికి రెండు పని దినాలలో వేతనం ముట్టాలని కూడ అందులోనే ఉన్నది.

ఇక నష్టపరిహారం సంగతి. ఆనకట్ట, వంతెన, రోడ్డు, కాలువ వంటి నిర్మాణం మొదలైన రెండేళ్లలోగా పూర్తయి మూతపడితే కార్మికునికి పరిహారం లేదు. రెండేళ్లు దాటితే నోటీసూ ఉన్నది, నిండిన ప్రతి సంవత్సరం సర్వీసుకు 15 రోజుల సగటు వేతనమూ ఉన్నది. 1957లో పారిశ్రామిక వివాదాల చట్టంలో చేరిన ఈ నియమం కొత్త కోడ్‌లోనూ కొనసాగుతున్నది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగితే కాలువలకు నీరు వదిలినది 1967 ఆగస్టు 4న. అంత పెద్ద పనులు రెండేళ్లలో ఎక్కడ తెమలుతాయి? అందుకే పనిని ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కను వేరు వేరు చేతులకు అప్పగించి, ప్రతి ముక్కా రెండేళ్లలోపే ముగిసినట్లు చూపే ఉపాయం పుట్టినది. దీనికి విరుగుడు కాగితమే. కార్మికుడు ఏ తేదీన చేరినాడు, ఏ మేస్త్రీ కింద చేసినాడు, మేస్త్రీ మారినా పని స్థలం మారలేదు అనే వివరాలు మన నోటుపుస్తకంలో ఉండాలి.

మేస్త్రీల లెక్క వేరొక చిక్కు. పాలమూరు కూలీలకు అడ్వాన్సు లెక్క ఎప్పుడు తేలుతుందో మీకు తెలియనిది కాదు, పని ముగిసిననాడే. ఢిల్లీలో 1982 ఆసియా క్రీడల నిర్మాణాలలో రోజుకు రూ. 9.25 కనీస వేతనంలో జమాదారులు ఒక రూపాయి కోసుకొనగా కూలీకి రూ. 8.25 ముట్టేది. కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమయేనని ఆ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

సంక్షేమ బోర్డులో నమోదుకు సంవత్సరంలో 90 రోజుల పని రుజువు కావాలి. సైటు కార్యాలయం మూతపడ్డ తరువాత ఆ సంతకం చేసే నాథుడు ఉండడు. కనుక పూర్తి ధ్రువపత్రానికి కాంట్రాక్టరు దరఖాస్తు చేశాడని తెలిసిన వారంలోనే రెండు పనులు జరగాలి. 90 రోజుల పత్రాలపై సంతకాలు తీసుకోవాలి. పేరు, చేరిన తేదీ, పని రోజులు, రావలసిన మొత్తం చూపే బకాయిల పట్టికను లేబరు అధికారికి ఒకటి, బాధ్యుడైన ఇంజనీరుకు ఒకటి అందజేయాలి. రెండింటికీ తేదీ వేసిన ముట్టినట్లు రసీదు తీసుకొని యూనియన్ ఫైలులో ఉంచాలి.