తలలో నీరు అన్నారు

నూలు ధర గురించి మాట్లాడమన్నారు. అది ఏటా మాట్లాడేదే. ఈసారి మా ఇంటి సంగతి ఒకటి చెప్తాము.

మా చిన్నకోడలికి అయిదో నెల స్కానింగులో, బిడ్డ మెదడులో నీటిగది 11 మిల్లీమీటర్లు ఉందన్నారు. 10 లోపల ఉండాలంట. చీటీ చేతికిచ్చి పంపేసినారు, వివరం చెప్పలేదు. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. గ్రహణం నాడు బయటికి వచ్చిందని ఒకరు, కడుపుతో ఉండి మగ్గం తొక్కిందని ఒకరు అన్నారు. అన్నవాళ్ళలో మేమూ ఉన్నాము, దాచేదేముంది. కోడలు గోడవైపు తిరిగి పడుకుంది.

తరువాత సేలంలో ఒక డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పినారు. ఇది గ్రహణం వల్లా కాదు, మగ్గం వల్లా కాదు. మెదడులో నీటిగదులు అందరికీ ఉంటాయి. కొలత 10 నుంచి 12 లోపల ఉండి, వేరే లోపం ఏదీ లేకపోతే, నూటికి తొంభైమందికి పైగా పిల్లలు మామూలుగానే పెరుగుతారు. 15 దాటితే భయం ఎక్కువ. అందుకని మళ్ళీ స్కాను, అవసరమైతే ఎమ్మారై, ఉమ్మనీటి పరీక్ష చేసి చూడాలి. లోపం పెద్దదైతే ఏం చేయాలన్నది తల్లి నిర్ణయము. 2021లో మారిన చట్టం ప్రకారం 24 వారాలు దాటితే వైద్యమండలి ఒప్పుకోవాలి. కాబట్టి చీటీని బీరువాలో పెట్టి నాళ్ళు జరపకూడదు.

మా మనవడికి వేరే లోపం కనపడలేదు. పుట్టినాక నెలనెలా టేపుతో తల చుట్టుకొలత చూసినారు. అదీ సరిగానే ఉంది. కానీ మెడ నిలిచేసరికి ఆరు నెలలు, కూర్చునేసరికి పదకొండు నెలలు. తొంభైమందిలో చేరకుండా మిగిలినవాళ్ళలో చేరినాడు. స్కాను గది కొలత చెప్తుంది గాని, బిడ్డ ఎప్పుడు నడుస్తాడో చెప్పదు.

2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో ఇలాంటి పిల్లలకు కేంద్రాలు పెట్టినారు. 18 ఏళ్ళ వరకు ఉచితము. మూడేళ్ళు ఆగి చూద్దాం అనకుండా, మొదటి నెలల్లోనే పోవాలి. వ్యాయామం అక్కడ నేర్పుతారు, చేయించేది మాత్రం ఇంట్లోనే, దినమూ. మా ఇంటామె బిడ్డను బోర్లా పడుకోబెట్టి ముందర ఎర్రనూలు కండె దొర్లించేది. దానికోసం తల ఎత్తేవాడు. పచ్చకండెకు ఎత్తేవాడు కాదు, ఎందుకో!

ఇప్పుడు నాలుగేళ్ళు. రెండున్నరకు నడిచినాడు, మాటలు తక్కువ. కండెలు రంగు రంగు వేరుచేసి పెడతాడు, తప్పు పోదు.

ఆసుపత్రికి పోయిన రోజు మగ్గం ఆగుతుంది, కూలీ ఆగుతుంది. అందుకే చాలామంది మధ్యలో మానేస్తారు. ఈ సంవత్సరం మా సొసైటీలో అలాంటి రోజులకు కూలి అడ్వాన్సు ఇచ్చేట్టు తీర్మానం రాసినాము. ఇద్దరు వచ్చి అడిగినారు. ఇద్దరూ చీకటి పడినాకే వచ్చినారు. పగలే రండమ్మా, రిజిస్టరు మా బల్లమీదే ఉంటుంది.