అమ్మానాన్నలు కాక ఇంకొక్కరు

నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్‌ని, సైకాలజిస్టుని కాను. కాకపోతే న్యూజెర్సీలో మా తెలుగు పిల్లల చేత ఆరేళ్ళుగా శనివారాలు వాలీబాల్ ఆడిస్తున్నాను. టీనేజి పిల్లలు చక్కగా ఎదగడానికి ఏం కావాలన్న ఆలోచన నాకు అక్కడే మొదలైంది.

ఈ ప్రశ్నకి మనం చెప్పుకునే జవాబు అందరికీ తెలిసిందే. మంచి స్కూల్ డిస్ట్రిక్ట్, శాట్ స్కోరు, ట్యూషన్లు. ఇవి వద్దని నేను అనను. కానీ ఇవన్నీ అమరిన ఇళ్ళలో కూడా తలుపు వేసుకుని దిగులుగా కూర్చునే పిల్లలు ఉన్నారు కదా!

హవాయిలో కవాయి అనే దీవి ఉంది. అక్కడ 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమీ వెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు నలభై ఏళ్ళ వయసు దాకా గమనిస్తూ వచ్చారు. వాళ్ళలో చాలామంది చెరకు తోటల్లో పనికోసం జపాన్, ఫిలిప్పీన్స్ లాంటి చోట్ల నుంచి వలస వచ్చిన కుటుంబాల వాళ్ళు. సుమారు మూడోవంతు పిల్లలు పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల తాగుడు, మానసిక జబ్బు వంటి చిక్కుల మధ్య పెరిగారు. అయినా ఆ మూడోవంతులో 72 మంది ఏ ఇబ్బందుల్లోనూ పడకుండా స్థిమితంగా, నలుగురికీ పనికొచ్చేలా పెద్దవాళ్ళయ్యారు.

వాళ్ళ పుట్టు స్వభావం కొంత సాయపడింది. దానితోపాటు మరి రెండు సంగతులు కనిపించాయి. ఒకటి, అమ్మమ్మో, టీచరో, పక్కింటాయనో, వాళ్ళని మనసారా పట్టించుకున్న పెద్దవాళ్ళు ఉన్నారు. రెండు, ఇంట్లో వాళ్ళమీద ఆధారపడిన పని ఏదో ఒకటి ఉంది.

అలాగని తల్లిదండ్రుల చోటు తక్కువైనదని కాదు. అమెరికాలో పన్నెండు వేలమందికి పైగా టీనేజి పిల్లల మీద 1997లో వెలువడిన పరిశోధనలో, అమ్మానాన్నలతోనూ బడితోనూ దగ్గరితనం ఉన్న పిల్లలు ప్రమాదకరమైన దారుల్లోకి తక్కువగా వెళ్ళారని తేలింది.

మన ఊళ్ళలో నాన్న కేకలేస్తే బాబాయి సైకిలెక్కించుకుని తీసుకుపోయేవాడు. అత్తయ్య అన్నం పెట్టి అసలు సంగతి రాబట్టేది. ఇక్కడ పిల్లలకి అంకుల్స్, ఆంటీలు బోలెడంతమంది. కానీ వాళ్ళు కనబడగానే అడిగేది ఒకటే, "ఏ కాలేజీకి అప్లై చేస్తున్నావు?"

రెండేళ్ళ కిందట ఒక పదహారేళ్ళ కుర్రాడు ఆట అయ్యాక నెట్ విప్పుతూ, తనకి డాక్టరీ చదవడం ఇష్టం లేదనీ, రాత్రిళ్ళు నిద్రపట్టడం లేదనీ చెప్పాడు. నేను సలహాలేమీ ఇవ్వలేదు. విన్నాను. ఇంట్లో చెప్పడానికి ఏది అడ్డం వస్తోందని మాత్రం అడిగాను. మూడు వారాల తరవాత వాడే వాళ్ళమ్మగారికి చెప్పుకున్నాడు.

ఆవిడ నాకు ఫోన్ చేశారు. "కన్నతల్లిని, నాకు చెప్పని మాట మీకెందుకు చెప్పాడండీ?" అన్నారు. ఆ గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ.

"మీరు బాధపడతారని వాడికి భయమండీ. నేను బాధపడతానన్న భయం లేదు. అంతే తేడా," అన్నాను.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరవాతి శనివారం వాణ్ణి ఆటకి దింపడానికి ఆవిడే వచ్చారు.

అందుకని నాదొక మనవి. మీకు నమ్మకమున్న ఒకటి రెండు కుటుంబాలు కలిసి ఒప్పందం చేసుకోండి. వాళ్ళ పిల్లలకి మీరు, మీ పిల్లలకి వాళ్ళు. మార్కుల ఊసెత్తకుండా కలిసి వంట చెయ్యండి, కారు టైరు మార్చడం నేర్పండి. ఇంట్లో కూడా వాళ్ళు చెయ్యకపోతే నిజంగా ఆగిపోయే పని ఒకటి అప్పగించండి. వారానికొక రాత్రి వంట కావచ్చు, ఇండియా నుంచి వచ్చిన తాతగారికి మందులివ్వడం కావచ్చు.

పిల్లలు నమ్మి చెప్పిన మాట దాచండి. ఒక్క మాట తప్ప. చచ్చిపోవాలని ఉందనో, ఎవరో హింసిస్తున్నారనో చెబితే దాచకూడదు. పిల్లవాడికి చెప్పే, సాయం చెయ్యగల పెద్దవాళ్ళకి వెంటనే తెలియజెయ్యాలి. అమెరికాలో ఉన్నవాళ్ళు 988 నంబరుకి ఏ వేళనైనా ఫోనో, మెసేజో చెయ్యవచ్చు. ఈ నంబరు 2022 జులై నుంచి పనిచేస్తోంది.

ఈ వారాంతం మీ స్నేహితుల ఇంటికి భోజనానికి వెళితే, కాసేపు వాళ్ళ పిల్లల పక్కన కూర్చోండి. కాలేజీ గురించి మాత్రం అడక్కండి.