బిడారుకు ఎదురేగిన వర్తకుడు



నేడు వర్తకానికి చెందిన ఒక ప్రశ్నను పరిశీలిద్దాం. కంపెనీ లోపలి సమాచారం ముందే తెలిసినవాడు స్టాక్ మార్కెట్లో ఆ కంపెనీ షేర్లు కొంటే ఇతర మదుపరులకు నష్టమేమిటి? అమ్మినవాడు తనంతట తానే అమ్మాడు, ఇతడు కాకపోతే మరొకడు అదే ధరకు కొనేవాడు కదా అని చదువుకున్నవారే వాదిస్తారు. పైకి బలమైన వాదమే.

సంతకు సరుకు తెచ్చే బిడారులకు ఊరి వెలుపలే ఎదురేగి కొనడాన్ని దైవప్రవక్త (సఅసం) నిషేధించారు. దూరం నుండి వచ్చినవానికి ఆనాటి సంత ధర తెలియదు, ఎదురేగినవానికి తెలుసు. అక్కడా బలవంతం లేదు, అమ్మినవాడు ఇష్టపడే అమ్మాడు. అయినా సంతకు చేరి ధర తెలుసుకున్నాక ఆ బేరాన్ని రద్దు చేసుకునే హక్కు అతనికి ఇవ్వబడింది. తెలియక పలికిన సమ్మతిని ధర్మం పూర్తి సమ్మతిగా లెక్కించలేదన్నమాట.

2008 సెప్టెంబరు 23న అమెరికాలో ఇటువంటిదే జరిగింది. గోల్డ్‌మన్ శాక్స్‌లో వారెన్ బఫెట్ సంస్థ 500 కోట్ల డాలర్లు పెట్టనున్నదని డైరెక్టర్ల సమావేశంలో తెలిసిన రజత్ గుప్తా, సమావేశం ముగిసిన వెంటనే రాజ్ రాజరత్నంకు ఫోన్ చేశారు. మార్కెట్ మూసే లోపలే రాజరత్నం ఫండ్ ఆ షేర్లు కొన్నది. ప్రకటన వెలువడింది మార్కెట్ మూసిన తరువాత. ఆ సాయంత్రం అమ్మినవారు ఊరి వెలుపల నిలిచిన బిడారువారే. వారు ఎలాగూ అమ్మేవారే అనుకుందాం. అప్పుడు ఆ లాభం, ఏమీ తెలియక నష్టానికీ సిద్ధపడి కొన్న మరొకనికి దక్కేది. ఇద్దరిలో ఒకరిది తప్పక పోయింది. అది ఎవరిదో చెప్పలేనంత మాత్రాన నష్టం లేదనడం లెక్క తెలియనివారి మాట. పైగా తెలిసినవారు పొంచి ఉన్నారన్న భయంతో వ్యాపారులు కొనే ధరకూ అమ్మే ధరకూ నడుమ అంతరం పెంచుతారు. ఆ భారం చిన్న మదుపరులందరూ మోస్తారు.

కంపెనీ లెక్కలు చదివి, శ్రమించి అంచనా వేసి లాభం పొందడం వేరు. అది అందరికీ తెరిచి ఉన్న దారి, దానిని ఎవరూ తప్పుపట్టరు.

గుప్తా తాను షేర్లు కొన్నందుకు కాదు, సమాచారం అందించినందుకు 2012లో దోషిగా తేలారు. మన దేశంలోనూ సెబీ 2015 నిబంధనల ప్రకారం లోపలి సమాచారాన్ని అక్రమంగా చేరవేయడం కూడా నేరమే. హైదరాబాదు కంపెనీలలో, ఆడిట్ కార్యాలయాలలో పనిచేసేవారు మన నమాజు వరుసలలోనూ ఉన్నారు. బావమరిదికి మేలు చేద్దామని భోజనాల వేళ చెప్పిన ఒక్క మాట అమానతులో ద్రోహమే.

బిడారు వర్తకుడు తిరిగివచ్చి తన సరుకు అడగగలిగాడు. స్టాక్ మార్కెట్లో ఎదుటివానికి ముఖం లేదు, పేరు లేదు. కంప్యూటరు ఇద్దరినీ జతచేసి విడదీస్తుంది. సాటి మనిషి హక్కుకు సంబంధించిన పాపానికి తౌబా చేయాలంటే ఆ హక్కును సొంతదారుకు అప్పగించాలి. ఇక్కడ ఎవరి తలుపు తడతాం? సొంతదారు దొరకనప్పుడు ఆ సొమ్మును అతని పేరిట పేదలకు ఇవ్వాలని ధర్మవేత్తలు చెప్పారు. ఇచ్చినవాడు దానిని తన దానంగా లెక్కవేసుకోరాదు.