దుమ్ముకు ఏ పేరు పెడదాం?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తాండూరులో పెరిగిన మనకు దుమ్ము కొత్త కాదు. బండలు కోసే మిషన్లు, పాలిష్ యూనిట్లు, సిమెంటు లారీలు. సాయంత్రానికి చొక్కా కాలరు మీద తెల్లటి పొడి. అమ్మ దులిపేది, అంతే.

ఎవరికైనా దగ్గు తగ్గకపోతే "అనంతగిరికి తీసుకపోండ్రి" అనేవాళ్లు. రైలెక్కి వికారాబాదులో దిగితే, నిజాం కాలం నాటి టీబీ ఆసుపత్రి ఆ గుట్ట మీదే. మా చిన్నాన్న అంతదాకా పోలేదు. బండల అంచులు కోసే పని ఆయనది. దగ్గొస్తే టీబీ అనుకుని ఊళ్లోనే మందులు మింగాడు, తగ్గలేదు. చాలా ఆలస్యంగా పట్నంలో ఒక డాక్టరు "నువ్వేం పని చేస్తవ్?" అని అడిగాడు. ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుందని అప్పుడు తెలిసింది. ఇంజనీరింగ్ చదువుతున్న నాకు కూడా ఆ ప్రశ్న తట్టలేదు.

టీబీ అంటే అది రోగి సంగతి: మందులు మింగు, గుడ్లు తిను. దుమ్ము జబ్బు అంటే అది పనిచేసే చోటు సంగతి: పొడి ఎక్కడ లేస్తోంది, ఆపాల్సింది ఎవరు? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ను అధికారులకు తప్పక తెలపాల్సిన జబ్బుల్లో చేర్చింది. అది వచ్చినవాళ్లకు టీబీ కూడా సులభంగా సోకుతుంది. దగ్గు అదే. పేరు మారితే బాధ్యత ఎవరిదన్నది మారిపోతుంది.

ఇది తెలిసీ నేనొక తప్పు చేశాను. కొన్నేళ్ల కిందట తాండూరులో ఒక సభలో మైక్రోగ్రాముల లెక్కలు చూపించి, "ఈ యూనిట్లు మూయించాలి" అని ముగించాను. వెనక నుంచి ఒకాయన లేచాడు. "సార్, మూస్తే మా పిల్లల ఫీజులు మీరు కడ్తరా?" సభంతా చప్పట్లు కొట్టింది, ఆయనకు. పనా, ఊపిరా అనే తగువును పెట్టింది నా మాటే.

తర్వాత నెల్లూరు జిల్లా దూబగుంట గుర్తొచ్చింది. 1992లో అక్కడి ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పుడు కాలేయం గురించి ఉపన్యాసాలివ్వలేదు. కూలి డబ్బు ఎటు పోతోందని అడిగారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్య నిషేధమూ వచ్చింది. 1997లో దాన్ని సడలించే నాటికి ఇంటి లెక్క వెనక్కిపోయి ఖజానా లెక్క ముందుకొచ్చింది. ఏ లెక్క ముందుంటే చర్చ ఆ దారిన నడుస్తుంది.

మరోసారి మాట్లాడినప్పుడు ఒకటే అన్నాను: "పని ఆగొద్దు, పొడి లేవొద్దు." అంచు కోసే చోట రంపం మీద నీళ్లు పడాలి. పాలిష్ బురద రోడ్డు పక్కన ఎండి మళ్లీ పొడి కాకుండా చూడాలి. లారీకి టార్పాలిన్ కట్టాలి. మూతికి కట్టిన రుమాలు సన్నటి పొడిని ఆపదు. సభ అయ్యాక మొన్నటాయనే దగ్గరికొచ్చి "నీళ్ల పైపుకు ఎంతయితది సార్?" అని అడిగాడు. నా లెక్కలన్నిటికంటే ఆ ప్రశ్నే ఎక్కువ పని చేసింది.

అయితే మాట మార్చడమంటే అబద్ధమాడటం కాదు. సున్నపురాయిలో సిలికా ఎంతన్నది రాయిని బట్టి మారుతుంది. కొలవకుండా అందరికీ సిలికోసిస్ అని ముద్ర వేస్తే, ఒక్క తప్పు దొరకగానే మన మాట చెల్లకుండా పోతుంది.

2016 నుంచి మన తాండూరుకు వికారాబాదే జిల్లా కేంద్రం. అక్కడి ప్రజావాణిలో అర్జీ ఇచ్చేటప్పుడు "కాలుష్యం అరికట్టండి" అని రాసి ఊరుకోవద్దు. ఎక్కడ, ఏ పనిలో, ఏం కావాలో రాద్దాం. మన సంఘం పెట్టే వైద్య శిబిరంలో పేరు, వయసు తర్వాత మూడో గడి ఇదిగా ఉండాలని నా మనవి: "ఏం పని చేస్తారు? ఎన్నేళ్లుగా?"

మా చిన్నాన్నను ఆ మాట ముందే అడిగి ఉంటే, ఈ రోజు ఆయన కూడా ఈ సభలో కూర్చునేవాడేమో.