నడచినంత తినవలెనా?

తెల్లవారుజామున విశాఖపట్టణపు సముద్రతీరమునకు పోయి చూచినచో రెండు గుంపులు కనబడును. ఒకటి నడచుచున్నవారిది. రెండవది నడక ముగించి పలహారపు బండ్ల చుట్టును చేరినవారిది. రెండు గుంపులలోను మనుష్యులు వారే. అరగంట క్రిందట చెమటలు కారుచు, చేతులూపుచు మనలను దాటిపోయిన పెద్దమనిషియే ఇప్పుడు అల్లపు పచ్చడితో పెసరట్టు తినుచు, "గంటసేపు నడిచాం కదండీ, ఈమాత్రం తినకపోతే ఎలా?" అని ప్రక్కవారిని అడుగుచుండును. ఆ ప్రక్కవారిలో మేమును పెక్కుమార్లు ఉంటిమి.

ఆ ప్రశ్న పరిహాసమునకు తగినది కాదు. బరువు తగ్గదలచి ఆహారమును కొంత కుదించుకొని, దానితోపాటు వ్యాయామము మొదలుపెట్టిన ప్రతివారికిని ఈ సందేహము కలుగును. వ్యాయామమున ఖర్చయిన శక్తిని మరల ఆహారముతో పూరింపవలెనా? పూరించినచో నడచిన ఫలమేమి? పూరింపనిచో నీరసించి పడిపోమా? ఈ రెండు భయములలోను నిజము కలదు. ఎవరికి ఏ భయము తగినదో తెలియుటయే కష్టము. అది తెలియక మేము మా బంధువులలో ఒకరికి అపాయము తెచ్చిపెట్టితిమి. ఆ సంగతి తరువాత చెప్పెదము. మొదట లెక్క చూతము.

ఆహారములోని శక్తిని క్యాలరీలతో కొలుతురు. 19వ శతాబ్దము చివర అమెరికాలో అట్వాటర్ అను శాస్త్రజ్ఞుడు ఒక మనిషి కొన్ని దినములు నివసించుటకు వీలగు చిన్న గదిని నిర్మించి, లోపలివాడు తిన్న ఆహారమును, వాని దేహము నుండి వెలువడిన ఉష్ణమును కొలిచెను. ఆయన పరిశోధనల నుండి వచ్చిన అంకెలనే నేటికిని వాడుచున్నారు: పిండిపదార్థమునకు గ్రాముకు 4 క్యాలరీలు, మాంసకృత్తులకు 4, క్రొవ్వునకు 9.

నడక వైపు లెక్క ఇట్లుండును. 70 కిలోల మనిషి గంటకు 5 కిలోమీటర్ల వేగముతో ఒక గంట నడచినచో సుమారు 245 క్యాలరీలు ఖర్చగును. అయితే ఇందులో ఒక కిటుకు కలదు. ఆ గంటసేపు అతడు నడవక, పడకకుర్చీలో కూర్చుండి మా ప్రసారములు వినుచున్నను, గుండె కొట్టుకొనుటకు, ఊపిరి ఆడుటకు, దేహము వెచ్చగా నుండుటకు 70 క్యాలరీల వరకు ఖర్చు కాక తప్పదు. కావున నడక వలన అదనముగా ఖర్చయినవి 175 మాత్రమే. చేతిగడియారములును, వ్యాయామశాలలలోని యంత్రములును చూపెడి అంకెలలో తరచుగా ఆ 70 కూడ కలసియుండును. అసలు ఆ అంకెలనే ఎంతవరకు నమ్మవచ్చును? 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము వారు 60 మందిపై ఏడు రకముల గడియారములను పరీక్షించిరి. గుండె వేగమును అవి చాలవరకు సరిగనే చెప్పినవి. శక్తి ఖర్చు విషయమున మాత్రము వానిలో మేలైనదే సగటున నూటికి 27 వంతులు తప్పినది. కడపటిది 93 వంతులు తప్పినది. తరువాత యంత్రములు మారియుండవచ్చును. అయినను మణికట్టు మీది అంకెను చూచి అట్టు తెప్పించుకొనుట మాత్రము తొందరపాటు.

ఇక పళ్లెము వైపునకు వత్తము. పెసరట్టు కాలునపుడు పెనము మీద చుట్టును పోసెడి నూనె ఒక పెద్ద చెంచాడు, అనగా 15 గ్రాములు, అయినచో అందు 135 క్యాలరీలు కలవు. కాఫీలో రెండు చిన్న చెంచాల పంచదార 40. రెండును కలిపి 175. గంటసేపటి నడక అక్కడికి సరి. పెసలు, ఉప్మా, కాఫీలోని పాలు ఇంకను లెక్కకు రానేలేదు.

మేమును ఒకప్పుడు రెండు నెలలపాటు ఇట్టి పద్దు వ్రాసితిమి. నడకకు 300 క్యాలరీలు జమ కట్టుకొని, ఆ జమను ప్రతి ఉదయమును పలహారపు బండి యొద్ద ఖర్చు పెట్టితిమి. రెండు నెలల తరువాత తూచుకొనగా అరకిలో పెరిగియుంటిమి. జమ ఎక్కువ కట్టితిమన్నది స్పష్టమే. దానికి తోడు, పద్దులో ఎక్కని మరియొక విషయము కలదు. నడచిన దినమున మేము మేడమెట్లు ఎక్కుట మానితిమి, మధ్యాహ్నము భోజనమైన పిదప నడుము వాల్చితిమి, సంతకెళ్లవలసిన పనిని ఇంటిలో పిల్లలకు అప్పగించితిమి. దేహము ఒకచోట ఖర్చు పెట్టిన దానిని వేరొకచోట మిగుల్చుకొన్నది.

ఇది మా ఒక్కరి సోమరితనము కాదని చెప్పుటకు ఆధారములున్నవి. 2009లో ప్రకటితమైన ఒక అమెరికను పరిశోధనలో, ఋతుక్రమము ఆగిన వయస్సు గల 464 మంది స్థూలకాయలగు స్త్రీలను వర్గములుగా విభజించి, ఆరు నెలలపాటు వేర్వేరు పరిమాణములలో వ్యాయామము చేయించిరి. కొద్దిగా చేసినవారు లెక్కప్రకారమే తగ్గిరి. అందరికన్న ఎక్కువ చేసినవారు మాత్రము తగ్గవలసిన దానిలో దాదాపు సగమే తగ్గిరి. టాంజానియాలో వేటాడియు, అడవి దుంపలు త్రవ్వియు జీవించు హాడ్జా జాతివారి శక్తి ఖర్చును హెర్మన్ పాంట్జర్ అను పరిశోధకుడు, ఆయన సహచరులు కొలిచి, 2012లో ఆశ్చర్యకరమైన విషయము ప్రకటించిరి. దేహపరిమాణమును లెక్కలోనికి తీసికొనిన పిమ్మట, దినమెల్ల తిరిగెడి హాడ్జాల ఖర్చునకును, పాశ్చాత్య నగరవాసుల ఖర్చునకును చెప్పుకొనదగిన భేదము లేదు! నడకకు ఎక్కువ వ్యయము చేసిన దేహము లోపలి ఇతర పనులలో పొదుపు చేయునని పాంట్జర్ వాదము. దీనిపై శాస్త్రజ్ఞులలో చర్చ ఇంకను సాగుచున్నది.

మాకు అన్నిటికన్న ఎక్కువ నచ్చిన పరిశోధన మన దేశమున జరిగినదే. పశ్చిమ బెంగాలులోని ఒక జనపనార మిల్లులో పనిచేయు 213 మంది తిండిని, బరువును, పనిని జీన్ మేయర్ అను పోషకాహార శాస్త్రజ్ఞుడును, ఆయన తోడివారును పరిశీలించి 1956లో ప్రకటించిరి. బొగ్గు మోయువారు, బూడిద ఎత్తువారు, కమ్మరులు, నేతపనివారు మొదలు గుమాస్తాలు, అంగడిలో కూర్చుండువారు వరకు అందరును అందున్నారు. తేలికపని నుండి బరువుపని వరకు పోవుకొలది తిండి పెరిగినది, దేహపు బరువు మాత్రము పెరుగలేదు. అనగా కష్టజీవికి ఆకలి సరిగా లెక్కకట్టి పెట్టుచున్నది. కాని పూర్తిగా కూర్చుండియుండువారి వరుసకు వచ్చుసరికి తిండి తగ్గుటకు బదులు మరల పెరిగినది. బరువును వారిదే ఎక్కువ. కదలిక ఒక మేరకు దిగువకు పోయినచో ఆకలి చెప్పు మాట నమ్మదగినది కాదన్నమాట. మనలో పెక్కుమంది ఆ అంగడివాని వరుసలోనివారము. ఉదయము ఒక గంట నడచినంత మాత్రమున బొగ్గు మోయువాని వరుసలోనికి పోము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన అంకెల ప్రకారము, కూర్చుండి పనిచేయు 65 కిలోల పురుషునకు దినమునకు 2,110 క్యాలరీలు, బరువుపని చేయువానికి 3,470 కావలెను. నడుమ 1,360 క్యాలరీల అగాధము కలదు. దానిని పూడ్చుటకు మన గంట నడక 175 ఏమూలకు?

కావున అత్యధిక సంఖ్యాకులకు మా సమాధానము: తినవలదు. గంటసేపటి లోపు నడకకు ప్రత్యేకముగా ఏమియు తిననక్కరలేదు. దాహమైనచో మంచినీరు త్రాగవచ్చును. దినమునకు ఎంత తినవలెనో నిర్ణయించుకొనునపుడే నడకను కూడ దృష్టియందుంచుకొని, నడచిన దినమునను నడవని దినమునను ఒకే రీతిగ తినుట మేలు. ఆ తినెడి దానిలో పప్పు, పెరుగు, గ్రుడ్డు వంటివి తగ్గకుండ చూచుకొనవలెను. లేనిచో క్రొవ్వుతోపాటు కండయును కరగును.

ఇంతవరకు చెప్పి ఊరకుండినచో మేము చేసిన తప్పునే మరల చేసినవారమగుదుము.

మా మేనమామగారికి చాలకాలముగా మధుమేహము కలదు. ప్రొద్దున్నే ఒక మాత్ర మ్రింగి, ఊరి చెరువుగట్టు మీద నడచివచ్చి, నాలుగు ఇడ్లీలు తినుట వారి అలవాటు. నడకకు ముందొక అరటిపండు కూడ తినెడివారు. బరువు తగ్గుటలేదని వాపోగా మేము పైన చెప్పిన లెక్కలన్నియు వినిపించి, అరటిపండు మానుడనియు, ఇడ్లీలు రెండు చాలుననియు, నడక మరికొంత పెంచుడనియు సలహా ఇచ్చితిమి. వారు మా మాటను అక్షరాల పాటించిరి. ఐదవనాడు ఎంతసేపటికిని ఇల్లు చేరలేదు. గేదెలను తోలుకొనిపోవు కుర్రవాడొకడు, ఆయన గట్టు మీద కూర్చుండి చెమటతో తడిసి ముద్దయి, వణకుచు, ఇంటికి దారి ఎటని తననే అడుగుచుండగా చూచి చేయిపట్టి తీసికొనివచ్చెను. మ్రింగగల తెలివి ఉండుటచేత మా అత్తయ్యగారు పంచదార నీళ్లు త్రాగించిరి. కొంతసేపటికి తేరుకొనిరి. మరునాడు మేము ఫోను చేయగా, "ఒరే అబ్బాయీ, నాకు చెప్పేముందు డాక్టరు గారినో మాట అడక్కూడదుట్రా?" అని మాత్రమే అనిరి.

మధుమేహమునకు ఇచ్చెడి మందులన్నియు ఒక్కతీరువి కావు. ఇన్సులిన్ సూదులును, గ్లిమెపిరైడ్, గ్లిబెంక్లమైడ్ వంటి మాత్రలును రక్తములోని చక్కెరను తిండితో నిమిత్తము లేకుండ దించును. నడకయు దించును. తిండి తగ్గించుటయు దించును. మూడును ఒకేసారి కూడినపుడు చక్కెర 70 మిల్లీగ్రాముల కన్న దిగువకు పోయి, వణకు, చెమట, తికమక, తుదకు స్పృహ తప్పుట సంభవింపవచ్చును. వ్యాయామపు ప్రభావము కొన్ని గంటలవరకు, ఒక్కొక్కప్పుడు ఆ రాత్రి వరకు నిలుచును. మెట్‌ఫార్మిన్ ఒక్కటియే తీసికొనువారికి ఈ భయము అరుదు. పై మందులు వాడువారు నడక పెంచుటకు ముందో, తిండి తగ్గించుటకు ముందో వైద్యుని అడుగవలెను. బరువు తగ్గదలచినవారి విషయమున వైద్యుడు తరచు తిండి పెంచుటకు బదులు మందు మోతాదునే తగ్గించును. మా మేనమామగారికి అట్లే చేసిరి. ఆపద వచ్చినపుడు మాత్రము క్యాలరీల ఆలోచన పనికిరాదు. 15 గ్రాముల పంచదార, అనగా మూడు చిన్న చెంచాలు, వెంటనే నీటిలో కలిపి త్రాగి, 15 నిమిషములకు మరల పరీక్షించుకొనవలెను. స్పృహ లేనివారి నోట ఏమియు పోయరాదు, ఆస్పత్రికి చేర్పవలెను.

రెండవ మినహాయింపు పరుగుపందెములకో, కబాడీకో ప్రతిదినము గంటల తరబడి సాధన చేయుచు, సన్నబడవలెనని కడుపు మాడ్చుకొను బాలబాలికలది. ముఖ్యముగా బాలికలలో దీని ఫలితము ఋతుక్రమము ఆగుటతో బయటపడును. పిదప ఎముకలు బలహీనమగును. ఈ స్థితికి అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము 2014లో ఒక ప్రత్యేకమైన పేరు పెట్టి శిక్షకులను హెచ్చరించినది. నెలసరి తప్పినదని కూతురు చెప్పినపుడు, ఆటల వలన అట్లే యుండునులే అని తల్లులు ఊరకుండరాదు. ఆమెకు అదనపు తిండి విలాసము కాదు, చికిత్సలో భాగము.

మూడవది అతిగా ఆహారము తగ్గించినవారిది. 1944, 1945 సంవత్సరములలో అమెరికాలోని మినెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులగు యువకులకు, వారి సమ్మతితోనే, 24 వారములు అర్ధాకలి తిండి పెట్టెను. దినమునకు సుమారు 1,570 క్యాలరీలు. దానితోపాటు వారమునకు 22 మైళ్లు నడువవలెనని నియమము. వారి బరువు దాదాపు నాలుగవ వంతు తరిగినది. ఎండకాలమునను చలి వేసెడిది, మెట్లెక్కుట భారమయ్యెను, తలపులన్నియు తిండి మీదనే. కొందరు వంటల పుస్తకములు చదువుచు కాలము గడపిరి. 22 మైళ్లనగా 35 కిలోమీటర్లు. సముద్రతీరమున దినమునకు 5 కిలోమీటర్లు నడచు మనమును వారమునకు నడచునది సరిగా అంతయే. అందుచేత నడక చిన్నదే గదా యని, తిండిని ఇష్టము వచ్చినట్లు కోసివేయుట తగదు. వారమునకు ఒక కిలోకు మించి తగ్గుచున్నను, ఊరక చలి, నీరసము, చిరాకు కలుగుచున్నను, అట్టివారు తినవలసినదే. గంటన్నరకు మించి గట్టిగా శ్రమించిన దినమున కూడ కొంత తినుట న్యాయము. యంత్రము చూపిన దానిలో సగము లెక్కకు తీసికొని, మూడునాలుగు వారములు తూనికను చూచి సవరించుకొనవచ్చును.

మా మేనమామగారు ఇప్పుడును చెరువుగట్టు మీద నడచుచున్నారు. ఇడ్లీలు మూడింటి దగ్గర ఒప్పందము కుదిరినది. చొక్కా జేబులో పంచదార పొట్లము ఒకటి ఎప్పుడును ఉండును. విప్పని పొట్లముతో ఇల్లు చేరిన ప్రతి ఉదయమును దానిని మా అత్తయ్యగారికి చూపి, మరునాటి కొరకు మరల జేబులోనే వేసికొందురు.