కంటి మసక – నెత్తుటి పరీక్ష



మడకశిర దగ్గర ఒక పల్లె అనుకోండి. తల్లి బుడ్డలు ఒలుస్తోంది. పక్కన పద్నాలుగేళ్ల కూతురు. గింజ మంచిదో పుచ్చుదో చేత్తో తడిమి చూస్తోంది. ఎండలోకి వస్తే కళ్లు మూసుకుంటుంది. రెండు నల్లగుడ్ల మీదా మంచు పట్టినట్టు తెల్ల మసక.

"ఏం పాపం చేసినావో!" అంటుంది అత్త. ఆకుపసరు పోయమంటుంది పక్కింటామె.

పాపం కాదు. పసరు అసలే వద్దు. ఉన్న చూపు కూడా పోతుంది.

దెబ్బ తగిలినా, పుండు పడినా కంట్లో పువ్వు వేస్తుంది. ముసలివాళ్ల శుక్లం వేరు. ఈ పిల్లది పుట్టుకతో వచ్చే జబ్బు కావచ్చు. డాక్టర్లు దాన్ని మాక్యులర్ కార్నియల్ డిస్ట్రొఫీ అంటారు. పేరు నోరు తిరక్కపోయినా ఫరవాలేదు.

నల్లగుడ్డు మీద అద్దం లాంటి పొర ఉంటుంది. అదే కార్నియా. అందులో కెరటాన్ సల్ఫేట్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని తయారు చేసే పనివాడే ఎంజైమ్. చక్కెర గొలుసుకు గంధకం ఉన్న ముక్కను అంటించడం వాడి పని. అంటిస్తే పొర తేటగా ఉంటుంది. పనివాడు పని మానేస్తే? సరిగా కరగని సరుకు పొరలో పేరుకుంటుంది. మసక కమ్ముతుంది.

1980లలో అమెరికాలో ఈ రోగుల నెత్తురు పరీక్షించారు. చాలామందిలో కెరటాన్ సల్ఫేట్ దాదాపు లేనే లేదు. అంటే లోపం కంటిలోనే కాదు, ఒంట్లోనూ ఉంది. 2000లో జపాన్ వాళ్లు కార్నియాలో ఆ ఎంజైమ్ పని తగ్గిందని కొలిచి చూపారు. అదే ఏడు దాని జన్యువూ దొరికింది. 2003లో హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వారు మన దేశపు కుటుంబాల్లో ఆ జన్యువు తప్పులు కనుక్కున్నారు. వాటిలో మేనరికపు కుటుంబాలూ ఉన్నాయి.

ఇది తల్లి ఒక్కతే ఇచ్చిన జబ్బు కాదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు తప్పులూ కలిస్తేనే వస్తుంది. ఆ ఇద్దరి కళ్లూ బాగానే ఉంటాయి! వాళ్లకు పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు భయం. ఒకరికి వచ్చింది గదా, మిగతా ముగ్గురికీ రాదులే అనుకోవద్దు. లెక్క ప్రతి కాన్పుకూ మళ్లీ మొదలే.

"చూపు లేని పిల్లను బయటివాళ్లు చేసుకోరు, పెద్దయ్యాక మేనమామకే ఇద్దాం" అంటారు ఇంట్లో. అక్కడే ఆగాలి. తల్లిలో ఉన్న తప్పు ఆమె తమ్ముడిలోనూ ఉండొచ్చు. ఉంటే, వాళ్లకు పుట్టే ప్రతి బిడ్డకూ సగానికి సగం భయం.

చుక్కల మందుతో ఈ మసక పోదు. చూపు బాగా తగ్గితే, చనిపోయినవారి కార్నియా తెచ్చి వేస్తారు. దాన్ని చనిపోయిన ఆరు గంటల్లోపే తీయాలి. హైదరాబాదులో రామాయమ్మ కంటి బ్యాంకు 1989లో పెట్టింది ఇందుకే. ఏళ్లు గడిస్తే కొత్త పొరలోనూ మసక తిరిగి రావచ్చు. అందాకా ఆ పిల్ల గింజలు ఏరుకుంటుంది, పుస్తకమూ చదువుకుంటుంది.

పిల్లను పెద్దాసుపత్రికి తీసుకుపోయేటప్పుడు తమ్ముణ్ణీ చెల్లెల్నీ వెంటబెట్టుకుపోవాలి. వాళ్ల కళ్లూ చూపించాలి.