కనుపాప చెప్పేది, చెప్పనిది

(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఎదుటివారి కంటిలోకి తేరిపార చూస్తే నల్లని గుండ్రంలో మన రూపమే చిన్న పాపలా కనిపిస్తుంది. మనవారు దానిని కనుపాప అన్నారు. లాటిన్‌లో ‘ప్యూపిల్లా’ అన్నా చిన్నపిల్ల, చిన్నబొమ్మ అనే అర్థమే. ఎక్కడి లాటిన్, ఎక్కడి తెలుగు!

మంచి వెలుతురులో ఈ పాప సుమారు 2 మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది. చీకటిలో 8 దాకా విప్పారుతుంది. ఇది మనమెరిగినదే. వెలుతురు మారకున్నా, మనసు శ్రమపడినప్పుడు కూడా అది విప్పారుతుందన్నదే విశేషం.

షికాగో విశ్వవిద్యాలయంలో ఎకార్డ్ హెస్, జేమ్స్ పోల్ట్ అనే ఇద్దరు 1964లో కొందరికి నోటిలెక్కలిచ్చి కనుపాపలను ఫిల్ము తీశారు. 16ను 23తో హెచ్చవేయమంటే పాప క్రమంగా పెరిగి, జవాబు చెప్పగానే తగ్గిపోయింది. 1966లో డేనియల్ కానెమన్, జాక్సన్ బీటీ అంకెలు వినిపించి అప్పజెప్పమన్నారు. వింటుంటే అంకె అంకెకూ పాప పెరిగింది. అప్పజెబుతుంటే తలమీది బరువు ఒక్కొక్కటే దించినట్లు తగ్గుతూ వచ్చింది.

ఈ పెరుగుదల సాధారణంగా అర మిల్లీమీటరుకు మించదు. కొలిచేవారు గదిలో వెలుతురు మారనివ్వకూడదు; చూపే బొమ్మ కాస్త తెల్లగా ఉన్నా లెక్క తప్పుతుంది. ఆ రోజుల్లో ఫిల్మును ఒక్కొక్క బొమ్మగా కొలిచేవారు. ఇప్పుడు కంటికి కానరాని పరారుణ కాంతితో కెమెరాలు సెకనుకు వందలసార్లు కొలుస్తున్నాయి.

హెస్ మరొక మాట కూడా అన్నాడు: నచ్చినది చూస్తే పాప పెరుగుతుందని, నచ్చనిది చూస్తే తగ్గుతుందని. రెండవది తరువాతి పరిశోధనలలో నిలువలేదు. ప్రీతి అయినా భయమైనా పాప విప్పారుతుంది. మనసు ఎంతగా కదిలిందో అది చెబుతుంది. ఎందుకు కదిలిందో చెప్పదు. ఈ తేడా చిన్నది కాదు. 1960 దశకంలో కెనడా ప్రభుత్వం తన ఉద్యోగులలో స్వలింగప్రియులను వెదికి తొలగించే ఉద్దేశంతో, బొమ్మలు చూపి కనుపాప కొలిచే యంత్రాన్ని రూపొందింపజేసింది. యంత్రం పనిచేయక మూలబడింది గాని వేట ఆగలేదు. ఎందరో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. 2017లో ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. మనిషి గుట్టు కంటిలో దొరుకుతుందనుకున్న దొరతనం చేసిన పని అది.

ఇక మన ఇళ్ళకు వద్దాం. అవ్వ తెలుగులో పలుకరిస్తే మనుమలు ఇంగ్లీషులో జవాబిస్తారు. కొందరు ఊరకే చూస్తూ నిలబడతారు. శ్రద్ధ లేదని మనం కసురుకుంటాం. లండన్‌లో బోర్గీని, హజన్ 2018లో ప్రకటించిన పరిశోధన ఇక్కడ గమనింపదగినది. ఇటాలియన్ మాతృభాషగా గలవారికి, ఇంగ్లీషువారికి ఇంగ్లీషు వాక్యాలు వినిపించారు. ఇరువురికీ అర్థమైన పాళ్ళు సమానంగా ఉండేటట్లు చూసినా, ఇటాలియన్ల కనుపాపలే ఎక్కువ విప్పారాయి. అర్థమైనా, వినడమే వారికి అదనపు చాకిరి అన్నమాట. మన పిల్లలకు ఇప్పుడు తెలుగు అటువంటి రెండవ భాషే కదా!

1974లో పీవ్లర్ అనే పరిశోధకుడు 13 అంకెల వరుసలు కూడా వినిపించి చూశాడు. కొన్ని అంకెల దాకా పాప పెరిగింది; ఆపైన అంకెలు వస్తూనే ఉన్నా పెరగడం మానింది. బరువు అప్పటికే నిండిపోయింది. అవ్వలు వాక్యానికీ వాక్యానికీ నడుమ రవ్వంత ఆగితే పిల్లవాడు ముందుది దించుకొని తరువాతిది ఎత్తుకుంటాడని మాకు తోస్తున్నది.